నున్నగా చేసిన ముఖం

ఒకసారి చూసిన ముఖాన్ని నేను మర్చిపోను. గొప్ప కోసం అంటున్న మాట కాదిది, ఉన్న మాటే. గోడల మీద బొమ్మలు వేసి వేసి అరిగిన చేతులివి. ఓసారి ఒక గిడ్డంగి గోడ మీద రిటైరైన పోలీసాయన ముఖం వేశాను. ఆయన్ని నేను చూసింది టీ కొట్టు దగ్గర ఒక్కసారి, అదీ పక్కనుంచి. రంగు ఆరకముందే ఆ వీధిలో దొంగతనాలు ఆగిపోయాయి. ఇంకెందుకులే అని కాపలావాణ్ణి మానిపించేశారు. చివరికి ఆ పోలీసాయనే ఓ సాయంత్రం అటుగా నడిచి వస్తూ, ఎవరో పై అధికారి అనుకుని గోడకి సెల్యూట్ కొట్టాడు. ఆ గోడ ఇప్పుడు లేదు కాబట్టి మీకు చూపించలేను, నమ్మకపోతే మానండి. ముఖాల దగ్గర మాత్రం నాతో పందెం వేసుకోవద్దు.

పోయినవారం మిమ్మల్ని ఒక గుమ్మం ముందు నిలబెట్టి నా మానాన నేను వెళ్ళిపోయాను. ఆ గుమ్మం మా అమ్మాయి పోస్టర్ల షాపుది. లోపల అమ్మాయికీ అల్లుడికీ మాటల్లేవు. కారణం రెండు సాఫ్ట్‌వేర్లు. గోడంత పోస్టరు తయారు చెయ్యాలంటే కంప్యూటర్లో ఏదో ఒకటి ఉండాలి కదా. పాతదానికి చిన్న ఫోటో ఇచ్చి పెద్దది చెయ్యమంటే ఉన్నదాన్నే సాగదీస్తుంది. ముఖమంతా చదరం చదరం చుక్కలై, గచ్చు మీద పలకలు పరిచినట్టు తయారవుతుంది. కొత్తది అలా కాదు. చుక్కకీ చుక్కకీ మధ్య ఏముండాలో తనే ఊహించుకుని నింపేస్తుంది. ఆవగింజంత ఫోటో ఇస్తే కనుబొమ్మల వెంట్రుకలతో సహా మనిషి దిగుతాడు. దాన్ని ఊరికే వాడి చూడమని కొన్నాళ్ళు గడువిచ్చారు. ఆ గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. అల్లుడు గారు కొత్తదాని పక్షం, అమ్మాయి పాతదాని పక్షం. పాత కంప్యూటరు మాత్రం అప్పటికే వెనకగదిలో మంచినీళ్ళ డబ్బాకి పీట అయిపోయింది కాబట్టి, గెలుపెవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కొత్తదాంతో వేసిన మొదటి పెద్ద పోస్టరు, బస్టాండుకి ఎదురుగోడ మీద కట్టినది. పైన 'కనబడుటలేదు' అన్న అక్షరాలు, కింద ముఖం. మన వరసలోనే నాలుగు షాపుల అవతల బట్టలు కుట్టే ఆవిడ ఉంది చూడండి, ఆవిడ తమ్ముడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఓ పొద్దున్న సంచీ భుజానికి తగిలించుకుని అక్కగారింట్లోంచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు, ఫోనూ తియ్యలేదు. ఎందుకు వెళ్ళాడమ్మా అంటే ఆవిడ 'ఏదో మాటా మాటా అనుకున్నాం' అనేది తప్ప ఆ మాటేమిటో పెదవి దాటనిచ్చేది కాదు. ఇక మిగిలింది పోస్టరే. ఆ ముఖాన్ని ఎవరో ఒకరు ఎక్కడో గుర్తుపట్టాలి, ఆవిడకి కబురందాలి.

సరే, అలా ఉండగా ఆ మధ్యాహ్నం, పోస్టర్లో ఉన్న మనిషే అచ్చం ఆ ముఖంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడ ఆపాను. ఈ వారమంతా మీరు నన్ను ఏమని తిట్టుకున్నారో నాకు వినబడుతూనే ఉంది.

మా అమ్మాయి ముందు కుర్చీలోంచి లేచింది, తరవాత వీధిలోకి పరిగెత్తింది. కుట్టుపనావిడ మెడలో కొలత టేపుతో, వేళ్ళ మధ్య సూదితో, ఉన్నదున్నట్టుగా వచ్చేసింది. గుమ్మం దాకా వచ్చిన మనిషి అక్కడే ఆగిపోయింది. వచ్చినాయన ఆవిడని చూశాడు. ఆవిడ ఆయన్ని చూసింది. మా అల్లుడు అప్పటికే ఫోను పైకెత్తి వీడియో తియ్యడం మొదలుపెట్టాడు, అక్కాతమ్ముళ్ళు కలుసుకుంటే షాపుకి పేరొస్తుందని.

"నేను తప్పిపోలేదండీ," అన్నాడు వచ్చినాయన.

ఆయన నీళ్ళ ఫిల్టర్లు అమ్ముకునే మనిషి. ఇల్లూవాకిలీ ఉన్నాయి, రోజూ రాత్రి ఇంటికే పోతాడు. పోస్టరు కట్టిన దగ్గర్నుంచీ ఆయన బతుకు బస్టాండయిపోయింది. ఏ ఇంటి తలుపు కొట్టినా ఫిల్టరు సంగతి వదిలేసి, బాబూ మీ అక్క ఏడుస్తోందట, ఇంటికెళ్ళిపో నాయనా అంటున్నారట. ఒక కండక్టరు ఆయన్ని దిగాల్సిన చోట దిగనివ్వకుండా నేరుగా బస్టాండుకి తెచ్చి అప్పగించాడట. ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అన్నం పెట్టి, తినేలోపల పోస్టరు మీది నంబరుకి ఫోను చేసిందట. అన్నిటికన్నా మించి, ఆయన సొంత భార్య కూడా బస్సులోంచి పోస్టరు చూసి అదే నంబరుకి ఫోను చేసి, ఆ మనిషి నాకు తెలుసండీ, మా ఇంట్లోనే ఉంటున్నాడు, వెనక అక్కచెల్లెళ్ళెవరూ లేరని అబద్ధం చెప్పి నన్ను పెళ్ళి చేసుకున్నాడు అని చెప్పిందట. ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదని ఆయనే చెప్పాడు. ఇలాంటి ఫోన్లు రోజుకి పదొస్తుంటే కుట్టుపనావిడ ఏదీ నమ్మడం మానేసింది.

మరో రోజైతే నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణే. కానీ కుట్టుపనావిడ ముఖం చూశాక నవ్వలేకపోయాను.

ఆవిడ ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చింది. పోస్టరు నమూనా కాగితం ఇంకా గోడకి అంటించే ఉంది. దాన్ని చూసింది. వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. మేమూ చూశాం. అదే నుదురు, అవే కళ్ళు, కొలిచి పెట్టినట్టు రెండు వైపులా ఒకేలా ఉన్న బుగ్గలు. ఆయన్ని కూర్చోబెట్టి ఫోటో తీసినా అంత బాగా రాదు.

"ఇది ఈయన ముఖమే," అంది ఆవిడ. "ఇందులో మా తమ్ముడు ఎక్కడా లేడు."

అల్లుడు ఫోను దించేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, అది మీకు ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. కొత్తది ఏది కనబడినా ఒకసారి నోట్లో వేసుకుని చూడాలనుకునే చంటిపిల్లాడి తత్వం, అంతే. ఆయన మెల్లగా, ఆ రోజు స్క్రీన్ మీద మీకు చూపించే కదండీ ప్రింటుకి పెట్టాను అన్నాడు. అది నిజం. నేనూ అక్కడే ఉన్నాను. స్క్రీన్ మీద ఆ ముఖం విచ్చుకోగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, చాలా బాగుంది బాబూ అంది. మేమంతా అది తమ్ముణ్ణి చూసుకున్న ఏడుపనుకున్నాం.

మా అమ్మాయి ఆవిడకి కుర్చీ జరిపింది. నీళ్ళివ్వబోతే ఆవిడ వద్దంది. అమ్మాయి ఆవిడ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, చాలా నెమ్మదిగా అడిగింది.

"వదినా, ఆ రోజే నీకు తెలిసింది కదూ?"

ఆవిడ వేళ్ళ మధ్య సూది ఇంకా అలాగే ఉంది. దాన్ని తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. అంతవరకూ పెదవి దాటనివ్వని మాట అదే.

తమ్ముడికి ఎడమ బుగ్గ మీద గుంట. చిన్నది కాదు, బొటనవేలు పట్టేంత. దాంతో ఆ వైపు కన్ను కాస్త చిన్నదిగా ఉంటుంది, నవ్వితే నోరు కుడిపక్కకే పోతుంది. పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్ళమ్మ పనికి పోతే ఈవిడ ఎనిమిదేళ్ళ పిల్ల, వాణ్ణి చంకనేసుకుని మెట్లు దిగుతూ జారిపడింది. తను పైన, వాడు కింద. మెట్టు అంచు వాడి బుగ్గకి తగిలింది. వాడు పెద్దయ్యాక దాన్ని ఎవరడిగినా, మా అక్క నన్ను గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తు అని నవ్వేవాడట. ఆ నవ్వు ఇంటి బయట. ఎవరైనా ఫోను పైకెత్తితే మాత్రం, ఇటివ్వండి నేను తీస్తా అని లాక్కునేవాడు. ఆ ఇంట్లో ఫోటోలకి కొదవ లేదు. అన్నీ వాడు తీసినవే, ఒక్కదాంట్లోనూ వాడు లేడు. అందుకే పోస్టరుకి డిపోలో జనమంతా కలిసి దిగిన ఫోటో ఒక్కటే దొరికింది. అందులోనూ వెనకవరసలో, వేరేవాళ్ళ భుజాల మధ్య, చిక్కుడు గింజంత ముఖం.

వాడికి డిపోలో టిక్కెట్లిచ్చే అమ్మాయి నచ్చింది. అక్కకి చెప్పాడు. అక్కకి ఆ సంబంధం ఇష్టంలేదు. ఎందుకిష్టంలేదని మా అమ్మాయి అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రోజుల తరబడి నడిచింది గొడవ. ఆఖరికి ఓ రాత్రి అన్నం దగ్గర, మిషను మీద పని మిగిలిపోయిన చిరాకులో, నోటి చివర ఉండే మాట ఊడిపడింది. లోకంలో అందరూ అందరినీ అనే మాటే. నేను మా అల్లుణ్ణి వారానికోసారి అంటాను. మీరూ అనే ఉంటారు.

"నీ ముఖం అద్దంలో చూసుకున్నావా, అన్నాను," అంది ఆవిడ. "వాడు అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారేసరికి లేడు."

ఫిల్టర్లాయన తల వంచుకున్నాడు. తన ముఖం అక్కడ ఉండడమే తప్పయినట్టు కాస్త పక్కకి జరిగాడు కూడా.

తరవాతది ఆవిడ మా వైపు చూడకుండా చెప్పింది. స్క్రీన్ మీద ఆ ముఖం వచ్చినప్పుడు తనకి మొట్టమొదట కనబడింది బుగ్గేనట. గుంట లేదు. నున్నగా, నిండుగా ఉంది. తన చేతి దెబ్బని ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టుంది. ఆ ఏడుపు అందుకు. ఊరంతా చూసే పోస్టర్లో ఒక్కసారైనా వాడు అందంగా ఉండనీ అనుకుందట. ఆ గుంట ఎలా వచ్చిందని ఎవరూ తనని అడగకుండా ఉంటారనీ అనుకుందట. మిగతాది వాడి ముఖమే అని తనకి తాను నచ్చజెప్పుకుందట.



అల్లుడు కంప్యూటరు ముందు కూర్చుని ఆ డిపో ఫోటో తెరిచాడు. ముఖం దగ్గరికి జరిపి పెద్దది చేశాడు. చుక్కలు లేచాయి. ఎడమ బుగ్గ దగ్గర నల్లగా కొంచెం, ఓ నాలుగైదు చుక్కలు ముద్దగా ఉన్నాయి. ఆయన వాటిని వేలితో చూపించాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వాటిని మురికనుకుంది. ఒక వైపు బుగ్గ శుభ్రంగా ఉంది కదా, రెండోదీ అలాగే ఉండాలి కదా అని నింపేసింది. అది తుడవకుండా మిగిల్చిన ఇంకో చుక్కని ఈయన తన చేత్తో తుడిచాడు.

ఎందుకు తుడిచాడంటే, అది మా షాపు అలవాటు. దాచుకోవడానికేముంది. పెళ్ళి పోస్టరుకైనా, షాపు ప్రారంభానికైనా, పదవొచ్చిన పెద్దమనిషికైనా, మా షాపులోకి ముఖం వచ్చిందంటే ముందు తుడవడమే. పుట్టుమచ్చ పోతుంది, మడత పోతుంది, కళ్ళకింద నలుపు పోతుంది. చెయ్యి తనంతట తనే ఆ పని చేసేస్తుంది. నా ముఖం ఎందుకు తుడిచారని ఇంతవరకూ మా గుమ్మంలోకి వచ్చి అడిగినవాడు లేడు. అసలు ముఖంతో దొరకాల్సినవాడి పోస్టరు మాకు ఇదే మొదటిది, అదీ మా బుర్రకి తట్టలేదు.

'నేను చెప్పలేదా' అనడానికి ఇంతకన్నా మంచి అదను మా అమ్మాయికి ఈ జన్మలో దొరకదు. వాళ్ళమ్మైతే అని ఉండేది, అనేసి ఏడాది పాటు గుర్తుచేసేది కూడా. అమ్మాయి మాత్రం లేచి వెనకగదిలోకి వెళ్ళి నీళ్ళ డబ్బా కింద చెయ్యి పెట్టి ఎత్తడానికి చూసింది. అల్లుడు వెళ్ళి రెండోవైపు పట్టుకున్నాడు. వాళ్ళు పోట్లాడుకున్నాక కలిసి ఒక పని చేయడం అదే మొదలు. పాత కంప్యూటరు బరువు చూసి ఫిల్టర్లాయన కూడా చొక్కా చేతులు మడిచాడు. దాన్ని బల్ల మీదకి చేర్చాక ఆయన ఆ నీళ్ళ డబ్బాలోకి తొంగిచూసి, పెద్దాయనా మీరు రోజూ ఇవే తాగుతున్నారా అని అడిగాడు. వృత్తి ఎక్కడికి పోతుంది.

పాతది లేవడానికి దాని టైము అది తీసుకుంది. అమ్మాయి ఫోటో పెట్టి, పోస్టరు కొలతలో పదోవంతుకి కుదించి డిజైను వేసి, దాన్ని పదింతలకి లాగింది. ఏదీ నింపలేదు, ఏదీ తుడవలేదు. మౌసు మీద ఆవిడ చెయ్యి ఒకసారి అలవాటు కొద్దీ ఆ బుగ్గ వైపు వెళ్ళి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చేసింది. అది నేను చూశాను. ఆవిడ కూడా నేను చూడడం చూసింది.

ఫ్లెక్సు మిషనులోంచి జానెడు జానెడుగా దిగుతుంటే అల్లుడు ఒకడుగు వెనక్కి వేశాడు. దగ్గరనుంచి చూస్తే అందులో మనిషే లేడు. బూడిదరంగు పలకలు, నల్ల పలకలు, గోధుమరంగు పలకలు. బాత్రూము గోడ ఎవరో పగలగొట్టి మళ్ళీ అతికించినట్టుంది. కుట్టుపనావిడకి ఏమని చూపిస్తాం అన్నాడు. ఆవిడ అప్పటికి షాపు కట్టేసి వస్తానని వెళ్ళింది.

"ఇక్కడ చూపించం," అంది అమ్మాయి. "నాన్నా, మీరు ఎక్కడ నిలబడి చూసేవాళ్ళు?"

రోడ్డుకి అవతల. ఇంకెక్కడ. గోడ మీద నిచ్చెనెక్కి బొమ్మ వేసేవాడికి కనిపించేది ముక్కు రంధ్రమో చెవి తమ్మో, అంతే. దిగి, రోడ్డు దాటి, ఎదురుగట్టు మీద నిలబడి కళ్ళు సగం మూసి చూస్తేనే అది పోలీసాయనో పాలవాడో తెలిసేది. పెద్ద బొమ్మని చిన్న తెరకి ముక్కు ఆనించి చూసుకుంటే ఏం తెలుస్తుంది అని నేను మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నాను. ఇంట్లో నా గొణుగుడుకి ఫ్యాను చప్పుడుకున్న విలువ కూడా లేదు, అది వేరే సంగతి.

మేడ మీది పిట్టగోడకి తాళ్ళు కట్టి ఫ్లెక్సు కిందికి వదిలాం. ఫిల్టర్లాయన ఒక కొస పట్టుకున్నాడు, అల్లుడు ఇంకో కొస. ఇంకా ఎండ ఉంది, ఏటవాలుగా పడుతోంది. నేనూ అమ్మాయీ రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాం. అదే సమయానికి ఎదురుగట్టు మీద కుట్టుపనావిడ వస్తోంది, తాళాలగుత్తి చేత్తో పట్టుకుని, తల వంచుకుని. ఎవరో సైకిలు బెల్లు కొడితే తలెత్తింది.

ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. తాళాలు కింద పడ్డా వంగి తీసుకోలేదు. వాహనాలు మధ్యలో పోతున్నాయి, ఆవిడ వాటి మీదుగా చూస్తూనే ఉంది. మేము దాటి పక్కకి చేరేసరికి ఆవిడ తన ఎడమ బుగ్గ మీద బొటనవేలు పెట్టుకుని ఉంది.

"వీడే," అంది.

అప్పుడు మేమూ తిరిగి చూశాం. పలకలన్నీ ఎటుపోయాయో పోయాయి. భుజాల మధ్యనుంచి ఒకడు, ఫోటో తీసేవాడు త్వరగా తీసేసి పంపిస్తే బాగుండు అన్నట్టు, ఒక కన్ను చిన్నది చేసుకుని చూస్తున్నాడు. బుగ్గ మీద నీడ. ఆ నాలుగు చుక్కలే, గుంటయి కూర్చున్నాయి.

అల్లుడు పైనుంచి ఎలా ఉందని చేత్తో సైగ చేసి అడిగాడు. తరవాత తనే దిగి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోనులో ఏదో మోగింది. కొత్తదాని గడువు అయిపోయింది, కొనసాగిస్తారా లేదా అని అడుగుతోందట. ఆయన దాన్ని పెళ్ళాం ముందు పెట్టాడు. అమ్మాయి దానివైపు చూడకుండానే చెప్పింది. "సబ్బులకీ చెప్పులకీ ఉంచండి. మనుషులకి మాత్రం వద్దు."

ఇక్కడితో ఆపితే ఈ వారం మీరూ నేనూ కూడా హాయిగా నిద్రపోవచ్చు. కానీ నేను ఇంకా ఆ గట్టు మీదే, కళ్ళు సగం మూసుకుని నిలబడి ఉన్నాను.

ముఖాల దగ్గర నాతో పందెం వేసుకోవద్దన్నాను చూడండి, ఆ ముక్క కొట్టేయండి. పోలీసాయన కథతో సహా కొట్టేసుకున్నా నాకేం బాధలేదు. ఎందుకంటే ఆ పలకల్లో ఉన్న మనిషిని నేను చూశాను. అంతకు వారం ముందే. పక్కపక్కన కూర్చుని మాట్లాడాను.

మోకాలి మందు కొనుక్కుని బస్టాండు షెడ్డులో కూర్చున్నాను. పక్కన ఎవరో సంచీతో వచ్చి కూర్చున్నారు. నేను అతన్ని చూస్తే కదా. ఎదురుగోడ మీద మా షాపు పోస్టరు ఉంది, కింద మూల మా షాపు పేరు ఉంది, నేను దాన్నే చూసుకుని మురిసిపోతున్నాను. అతనూ దాన్నే చూస్తున్నాడు. కాసేపయ్యాక, "నున్నగా చేశారు," అన్నాడు. పొగడ్తనుకున్నాను. మా షాపులో చేసిందేనండీ, మా అమ్మాయిదే షాపు అని ఛాతీ విరుచుకున్నాను. ఆ పిల్లవాడి అక్క మా వరసలోనే బట్టలు కుడుతుంది, పాపం తమ్ముడి కోసం కుమిలిపోతోంది అని కూడా చెప్పాను. అప్పుడతను, వాళ్ళక్క బాగుందా అని అడిగాడు. బాగా ఎలా ఉంటుంది బాబూ అన్నాను. ఇంతలో రేవు వైపు వెళ్ళే బస్సు వచ్చింది. అతను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని ఇటు తిరిగాడు. నాకేసి ఓ నవ్వు నవ్వాడు, నోరు ఒక పక్కకే పోయింది. పంటినొప్పి కాబోలు పాపం అనుకున్నాను.

ఇదంతా ఆ గట్టు మీదే వాళ్ళకి చెప్పేశాను. పంటినొప్పి మాట దగ్గర అల్లుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కుట్టుపనావిడ మాత్రం నా మీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా మోచెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. "బాబాయి గారూ, నిజంగా నా గురించి అడిగాడా?"

అడిగాడమ్మా అన్నాను. అక్క బాగుందా అనే అడిగాడు, ఆ మాటే అన్నాడు.

ఆవిడ ముఖంలో వచ్చిన మార్పు వర్ణించడానికి నా దగ్గర రంగుల్లేవు. తాళాలు తీసుకుంది. షాపులోకి వెళ్ళి పర్సు తెచ్చుకుంది. అమ్మాయి ఫ్లెక్సు కిందికి దింపించి చుట్టి, రేవులో బస్సు ఆగే చోట కట్టుకో వదినా అని చేతికిచ్చింది. అంచులకి రింగులు కొట్టే టైములేక అల్లుడు తాళ్ళతో సహా ఇచ్చేశాడు. ఫిల్టర్లాయన బస్టాండు దాకా మోసుకెళ్ళాడు. దారిలో ఎవరో ఆయన్ని చూసి, మొత్తానికి అక్క దొరికిందన్నమాట అన్నారట. ఆయన అవునండీ అనేశాడట. ఆవిడ కిటికీ దగ్గర సీటు పట్టుకుని, ఒళ్ళో చుట్ట పెట్టుకుని, అడిగాడు కదా, అంటే కోపం పోయినట్టే కదా అని అమ్మాయితో రెండుసార్లు అందట. బస్సు వెళ్ళిపోయింది.

ఇందులో నేను కల్పించింది ఏదని మీరు అడుగుతారు. ఫిల్టర్లాయన భార్య ఫోను చెయ్యడం నిజం. కావాలంటే ఆవిడ మళ్ళీ చేస్తుంది. గోడకి సెల్యూట్ కొట్టింది కూడా నిజమే అంటాను, మీ ఇష్టం. కల్పించింది ఒక్కటే ఉంది. అక్క బాగుందా అన్న మాట అతను అనలేదు.

అతను అడిగింది వేరే. "ఈ ఫోటో వాళ్ళక్క చూసిందా?" అన్నాడు. చూడకుండా ఎలా వేస్తాం బాబూ, చూసి చాలా బాగుందని మెచ్చుకుందని చెప్పాను. అప్పుడు అతను చేత్తో ఎడమ బుగ్గ తడుముకుని, మళ్ళీ అదే మాట, నున్నగా చేశారు అన్నాడు.

ఆ సాయంత్రమే ఆ బస్సు ఊరు దాటింది. ఆవిడ నంబరు నాకు తెలుసు. ఇవాళ్టికీ ఫోను నా చేతిలోనే ఉంది.